థర్మామీటర్ లేకుండా నదికి వెళ్ళొద్దు

(వాషింగ్టన్ రాష్ట్రంలో స్థిరపడిన తెలుగువారి వారాంతపు సమావేశంలో చేసిన ప్రసంగానికి రాతరూపం)

అందరికీ నమస్కారం.

గాలం వేయడం గురించి మాట్లాడమన్నారు కాబట్టి ముందు ఏం కొనాలో చెప్తాను. గాలం కర్ర, అంటే రాడ్, తర్వాత. దారం చుట్టే రీల్ కూడా తర్వాతే. ముందు ఒక చిన్న థర్మామీటర్ కొనండి. తాడు కట్టి నీళ్ళలో వదిలేది, ఏ ఫిషింగ్ షాపులో అయినా దొరుకుతుంది. నది ఒడ్డుకి చేరగానే నీడపట్టున, మోకాలి లోతు నీళ్ళలో దాన్ని రెండు నిమిషాలు ఉంచి అంకె చూడండి. 50 నుంచి 60 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే, అంటే 10 నుంచి 15 సెల్సియస్, సంతోషంగా గాలం వేయండి. 65 దాటుతుంటే తొందరగా ముగించండి. 68 ఉంటే, అంటే 20 సెల్సియస్, రాడ్ మళ్ళీ కారులో పెట్టేయండి. రెండు గంటలు డ్రైవ్ చేసి వచ్చినా సరే, పెట్టేయండి. ఎందుకు అంత కచ్చితంగా చెప్తున్నానో అర్థం కావాలంటే ఈ చేప బతుకు తెలియాలి.

నేను ముఖ్యంగా మాట్లాడబోయేది వేసవి స్టీల్‌హెడ్ గురించి. సాల్మన్ సంగతీ చెప్తాను, కానీ నా ప్రాణం స్టీల్‌హెడ్ మీదే ఉంటుంది.

స్టీల్‌హెడ్, రెయిన్‌బో ట్రౌట్ రెండూ ఒకే జాతి. నదిలోనే ఉండిపోతే ట్రౌట్, సముద్రానికి వెళ్ళి తిరిగొస్తే స్టీల్‌హెడ్. ఒకే తల్లి గుడ్ల నుంచి వచ్చిన పిల్లల్లో కొన్ని ఉండిపోవచ్చు, కొన్ని వెళ్ళిపోవచ్చు. వెళ్ళేవి ముందు ఒకటి నుంచి మూడేళ్ళు నదిలో పెరుగుతాయి, తర్వాత పసిఫిక్‌లో ఇంకో ఒకటి నుంచి మూడేళ్ళు తిరుగుతాయి, ఆ తర్వాత పుట్టిన నదినే వెతుక్కుంటూ వస్తాయి. చినూక్, కోహో, సాకై, పింక్, చమ్ అనే అయిదు రకాల పసిఫిక్ సాల్మన్ గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. స్టీల్‌హెడ్‌కి ఆ నియమం లేదు. గుడ్లు పెట్టి, ఒళ్ళు హూనమైనా, కొన్ని మళ్ళీ సముద్రానికి వెళ్ళి కోలుకుని ఇంకోసారి వస్తాయి. మీరు వదిలిపెట్టిన చేప మళ్ళీ రాగలదన్న మాట. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోండి.

మనలో గోదావరి వాళ్ళు ఉన్నారు కదా, పులస మీకు తెలుసు. అదీ సముద్రం వదిలి నదికి ఎదురీదే చేపే. అయితే పులస వరదతో పాటు వస్తుంది, ఎర్రనీళ్ళు దిగగానే ధవళేశ్వరం దాకా ఎక్కుతుంది. వేసవి స్టీల్‌హెడ్ కథ వేరు. అది మే నుంచి అక్టోబరు మధ్య నదిలోకి వస్తుంది, కానీ గుడ్లు పెట్టేది మరుసటి వసంతంలో. వచ్చేటప్పుడు దాని కడుపులో గుడ్లు ఇంకా పచ్చిగానే ఉంటాయి. ఒంటినిండా సముద్రంలో తిన్న కొవ్వు ఉంటుంది. ఆ కొవ్వే దాని బత్తెం. ఎనిమిది, తొమ్మిది నెలలు దాదాపు ఏమీ తినకుండా, మంచు కరగడం అయిపోయి సన్నబడిన నదిలో, అడుగున రాళ్ళు కనిపించేంత తేట నీళ్ళలో దాక్కుని ఎదురుచూడాలి. నీళ్ళు వేడెక్కితే చేపకి రెండు దెబ్బలు ఒకేసారి తగులుతాయి. నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుంది. అదే సమయంలో ఒంట్లో ఖర్చు పెరుగుతుంది, దాచుకున్న కొవ్వు తొందరగా కరుగుతుంది. ఆగస్టులో ఒక మడుగులో కదలకుండా నిలబడి ఉన్న స్టీల్‌హెడ్‌ని చూసి సోమరిగా ఉందనుకోకండి. అది పైసా పైసా లెక్కపెట్టుకుంటోంది.

మరి చలికాలంలో హాయిగా రావచ్చు కదా, ఇంత ముందుగా రావడం ఎందుకు? చలికాలం వచ్చే స్టీల్‌హెడ్ వేరే ఉంది. అది దాదాపు గుడ్లు పండాకే వచ్చి, కొన్ని వారాల్లో పని ముగించుకుంటుంది. వేసవి చేపకి ఉన్న లాభం జలపాతాల దగ్గర కనిపిస్తుంది. కొండల మీద మంచు కరిగి నది నిండుగా ఉన్న ఆ కొద్ది వారాల్లోనే దాటగలిగే జలపాతాలు కొన్ని ఉంటాయి. చలికాలం చేప వాటి కింద ఆగిపోతుంది. వేసవి చేప దాటేసి పైనున్న చల్లటి వాగుల్ని సొంతం చేసుకుంటుంది. 2017లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖ శాస్త్రవేత్తలు చూపించింది ఏమిటంటే, ఈ ముందుగా వచ్చే గుణం జన్యువుల్లో ఒక చిన్న భాగంతో ముడిపడి ఉంది, చినూక్‌లోనూ అదే భాగంతో. ఆ భాగం ఒక నదిలో పూర్తిగా పోయిందంటే, మన కాలంలో అది మళ్ళీ దానంతట అది పుట్టుకురాదు. అందుకే వేసవి చేపని, చలికాలం చేపని కలిపి ఒకే లెక్కలో వేయకండి.

సరే, నది దగ్గరికి వద్దాం.

స్టీవెన్స్ పాస్ దారిలో హైవే 2 పక్కన పారే స్కైకోమిష్ మీలో చాలామందికి తెలుసు. లెవెన్‌వర్త్ వెళ్తూ ఫొటోలు తీసుకునే నది. దాని ఒడ్డున రైటర్ పాండ్స్ అనే హేచరీ, అంటే చేప పిల్లల్ని పెంచి నదిలో వదిలే కేంద్రం, ఉంది, వేసవి స్టీల్‌హెడ్ అక్కడికి వస్తాయి. ఆ నది దక్షిణ పాయ సౌత్ ఫోర్క్‌లో సన్‌సెట్ జలపాతం దగ్గర 1958 నుంచీ చేపల్ని ట్రాప్‌లో పట్టి, లారీలో ఎక్కించి, వరసగా ఉన్న మూడు జలపాతాల పైన వదులుతున్నారు. కొత్తవాళ్ళకి ఈ నది మంచి బడి. సీజన్ ఎప్పుడు తెరుస్తారో, ఏ భాగం మూసేశారో రాష్ట్ర చేపల శాఖ నిబంధనల్లో వెళ్ళే రోజు పొద్దున కూడా చూసుకోండి. మధ్యలో మారుతుంటాయి.

తెల్లవారేసరికి నీళ్ళ దగ్గర ఉండాలి. రాత్రంతా చల్లబడిన నీళ్ళు, ఏటవాలు వెలుతురు, చేపకి ధైర్యం ఉండే వేళ. ఎండ నేరుగా నీళ్ళ మీద పడ్డాక మీ అవకాశాలు సగానికి సగం తగ్గాయనుకోండి.

నీళ్ళని ఎలా చదవాలి? తెల్లగా నురుగు కక్కే చోట కాదు, అద్దంలా నిలిచిపోయిన చోటా కాదు. మనిషి నడిచే వేగంతో నీళ్ళు కదులుతూ, నడుము లోతు నుంచి నిలువు లోతు దాకా ఉండి, అడుగున ఫుట్‌బాల్ నుంచి డ్రమ్ము సైజు దాకా రాళ్ళు ఉన్న చోటు వెతకండి. పైన నీళ్ళ మీద చిన్న చిన్న ముడతలు కనిపిస్తుంటే అడుగున రాళ్ళున్నట్టే. ఆ ముడత రాయికి కాస్త కిందుగా వస్తుంది కాబట్టి చేప మీరు చూసే ముడతకి ఎగువన ఉంటుంది. వేడి రోజుల్లో ఆ చోటుకి ఎగువ కొసన వేగంగా గలగలా పారే భాగానికి చేప జరుగుతుంది, ఎందుకంటే అక్కడ గాలి బాగా కలుస్తుంది. పక్కనుంచి చల్లటి వాగు వచ్చి కలిసే చోటు దొరికితే అక్కడ చేప ఉంటుందని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. కానీ ఆ చోటు గురించి కాసేపట్లో ఇంకో మాట చెప్తాను.

ఫ్లై, అంటే ఈకలు, దారాలతో పురుగులా కట్టిన హుక్, వేసేవాళ్ళు రన్, అంటే ఇందాక చెప్పినట్టు నడక వేగంతో పారే నీళ్ళ భాగం, పైకొసన మొదలుపెట్టి, నదికి అడ్డంగా, కొంచెం దిగువకి, 45 డిగ్రీల కోణంలో లైన్ విసురుతారు. ప్రవాహం లైన్ మధ్యభాగాన్ని లాక్కుపోయి విల్లులా వంచుతుంది. వెంటనే రాడ్ కొసతో ఆ వంపుని ఎగువకి తిప్పివేయాలి. లేకపోతే ఫ్లై పరుగెత్తుతుంది, చేప పట్టించుకోదు. తర్వాత రాడ్ కొసని ఫ్లైతో పాటే నెమ్మదిగా తిప్పుతూ వెళ్ళాలి. ఫ్లై నదికి అడ్డంగా ఈదుతూ వచ్చి సరిగ్గా మీ కిందుగా ఆగుతుంది. అక్కడ తొందరపడి లాగేయకండి. నాలుగైదు క్షణాలు వేలాడనివ్వండి. వెంబడించి వచ్చిన చేప నిర్ణయం తీసుకునేది తరచుగా అక్కడే. ఒక అడుగు కిందికి దిగి మళ్ళీ విసరండి. అలా రన్ మొత్తం దువ్వినట్టు సాగాలి. ఒకే చోట నిలబడి గంటలు గంటలు విసిరే వాళ్ళు వెనక వచ్చేవాళ్ళకి దారి ఇవ్వనట్టే, ఇది నదిలో పెద్ద మర్యాద విషయం.

చేప తగలగానే మనలో పుట్టే మొదటి కోరిక రాడ్ ఎత్తి గట్టిగా గుంజడం. వద్దు. స్టీల్‌హెడ్ ఫ్లైని అందుకుని తన చోటుకి వెనుదిరుగుతుంది, ఆ తిరగడంలోనే హుక్ దవడ మూలలో దిగుతుంది. లైన్ చేతిలో బరువు పెరిగి రీల్ తిరగడం మొదలయ్యేదాకా ఆగి, అప్పుడు రాడ్ ఎత్తండి. ‘ఆగు’ అనడం రెండక్షరాల పని, నేర్చుకోవడానికి మాత్రం సీజన్లు పడతాయి.

ఫ్లై రాడ్ లేనివాళ్ళు దిగులుపడక్కర్లేదు. స్పిన్నింగ్ రాడ్‌తో స్పూన్, స్పిన్నర్ అనే చిన్న మెరిసే లోహపు ఎరల్ని ఇలాగే అడ్డంగా ఈదించవచ్చు. బెండు కింద జిగ్, అంటే బరువు తలకట్టున్న హుక్, కట్టి ప్రవాహంతో పాటు వదలవచ్చు. నీళ్ళు సన్నబడి తేటగా ఉన్నప్పుడు చిన్నవి, ముదురు రంగువి వాడండి, హుక్‌కి ముందు కట్టే సన్నటి దారం, అంటే లీడర్, పొడుగ్గా పెట్టండి, నీళ్ళలోకి దిగేముందు ఒడ్డునుంచే మొదటి నాలుగు విసుర్లు వేయండి. మోకాలి లోతులో పడుకున్న చేపని తొక్కుకుంటూ వెళ్ళి అవతలి ఒడ్డున గాలం వేసేవాళ్ళని రోజూ చూస్తుంటాను.

[ప్రేక్షకుల్లో నుంచి ఒక పెద్దాయన: నదిలో ఏమీ తినదంటున్నారు కదండీ, మరి గాలాన్ని ఎందుకు పట్టుకుంటుంది?]

మంచి ప్రశ్న అడిగారు మాస్టారూ. ఈ చేప పిల్లగా ఉన్నప్పుడు ఇదే నదిలో పురుగుల్ని పట్టి తిని పెరిగింది. కదిలేదాన్ని నోటితో అందుకోవడం దానికి పాత అలవాటు. దానికి తోడు తన చోటులోకి ఏదైనా చొరబడితే తరిమే గుణం ఉంది. చేతులు లేవు కదా, దేన్నైనా పరీక్షించాలంటే నోరే సాధనం. సాల్మన్‌లో ఈ ఆసక్తి ఇంకా తక్కువ. వేసవి స్టీల్‌హెడ్ మాత్రం చల్లటి పొద్దున నీటి పైన గీత గీస్తూ పోయే ఫ్లై కోసం కూడా పైకి లేస్తుంది. అది చూసినవాళ్ళు ఇంక ఈ చేపని వదలరు.

నీళ్ళలో దిగే విషయం ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. జూన్‌లో ఈ నదులన్నీ మంచునీళ్ళే. బయట ఎండ చూసి మోసపోవద్దు. మన తెలుగు విద్యార్థులు ఈ దేశంలో నీళ్ళలో మునిగి చనిపోయిన వార్తలు మనమంతా విన్నాం, ఆ తల్లిదండ్రుల్ని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. వేడర్లకి, అంటే నదిలో దిగేటప్పుడు వేసుకునే నీళ్ళు చొరని ప్యాంటుకి, బెల్టు, చేతికి కర్ర, పిల్లలకీ ఈత రానివాళ్ళకీ లైఫ్ జాకెట్. అడుగు కనిపించని చోట అడుగు పెట్టొద్దు.

ఇక చేప చేతికి వచ్చాక. ముందు వీపు చూడండి. పెద్ద రెక్కకీ తోకకీ మధ్య బొటనవేలి గోరంత చిన్న కండ రెక్క ఒకటి ఉంటుంది, అడిపోస్ ఫిన్ అంటారు. హేచరీలో పిల్ల చేపలకి దాన్ని కత్తిరించి వదులుతారు. ఆ చోట నున్నగా మానిపోయిన మచ్చ ఉంటే హేచరీ చేప, రెక్క ఉంటే అడవి చేప, అంటే నదిలో సహజంగా పుట్టింది. అడవి స్టీల్‌హెడ్‌ని దాదాపు అన్నిచోట్లా వదిలేయాలి. వాషింగ్టన్‌లో వదలాల్సిన స్టీల్‌హెడ్‌నీ సాల్మన్‌నీ నీళ్ళలో నుంచి పూర్తిగా పైకి తీయడం కూడా నిబంధనలకి విరుద్ధం. చేప ఒళ్ళంతా నీళ్ళలోనే ఉండాలి. రబ్బరు వల, ముల్లు నొక్కేసిన హుక్, చిన్న ప్లయర్స్ ఉంటే పది క్షణాల పని. తర్వాత తోక మొదట్లో ఒక చేత్తో, పొట్ట కింద ఇంకో చేత్తో పట్టుకుని, తల ఎగువకి పెట్టి నిదానంగా పారే నీళ్ళలో ఉంచండి. ముందుకీ వెనక్కీ ఊపకండి. మొప్పలు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి, తోక గట్టిపడుతుంది, దానంతట అదే మీ చేతిని తోసుకుని వెళ్తుంది. నీళ్ళు 20 సెల్సియస్ ఉన్న రోజు ఇదే చేప ఇదే చేతిలోంచి ఈదుకుంటూ వెళ్ళిపోయినట్టే కనిపించి, తర్వాత ఎక్కడో అడుగున చచ్చిపోవచ్చు. మొదట థర్మామీటర్ అన్నది ఇందుకే. పక్క రాష్ట్రం ఒరెగన్‌లో నీళ్ళు వేడెక్కిన రోజుల్లో మధ్యాహ్నం 2 తర్వాత గాలం ఆపేయమంటారు. ఆ నియమం మన నదిలో లేకపోయినా మనం పాటించవచ్చు.

ఇందాక చల్లటి వాగు కలిసే చోటు అన్నాను కదా. ఆగస్టులో కొలంబియా నది 20 డిగ్రీలు దాటుతుంది, కొన్నేళ్ళు 21, 22 కూడా. ఆనకట్టల వెనక నీళ్ళు వెడల్పుగా, నెమ్మదిగా నిలబడి ఎండ తాగుతాయి. ఆ నది మీదున్న బోనవిల్ డ్యామ్ దాటి వచ్చిన స్టీల్‌హెడ్ పక్కనుంచి కలిసే చల్లటి ఉపనదుల నోళ్ళలో దూరి రోజులు, వారాలు తలదాచుకుంటుంది. హెర్మన్ క్రీక్, లిటిల్ వైట్ సాల్మన్ నది నోటి దగ్గరున్న డ్రానో లేక్, డెషూట్స్ ముఖద్వారం, ఇవన్నీ అలాంటి చోట్లే. చేపలు గుంపుగా ఉంటాయి కాబట్టి మనుషులూ అక్కడికే చేరతారు. వేడికి ఆసరా వెతుక్కుని వచ్చినదాన్ని ఆ ఆసరాలోనే పట్టడం నాకు ఎంతమాత్రం ఒప్పుదల కాదు. ఒరెగన్ అధికారులు హెర్మన్ క్రీక్, ఈగిల్ క్రీక్, డెషూట్స్ ముఖద్వారాల దగ్గర వేసవిలో గాలం నిషేధించారు. మంచి పని చేశారు. 2015 వేసవిలో వేడి నీళ్ళకి కొలంబియాలో రెండున్నర లక్షలకి పైగా సాకై చచ్చిపోయాయి. 2021 జూన్ చివర సియాటిల్‌లో 108 డిగ్రీల ఫారెన్‌హీట్ వచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి, మనందరం ఏసీలు వెతుక్కున్నాం. ఆ ఏడాది ఆగస్టులో ఒరెగన్‌లో పేరు మోసిన నార్త్ అంప్‌క్వా నదిలో గాలమే ఆపేయాల్సి వచ్చింది, చేపలు అంత తక్కువ వచ్చాయి.

నదిలో వలలు కనిపిస్తే మనవాళ్ళు కొందరు, మిగతా గాలగాళ్ళతో కలిసి, ట్రైబ్స్, అంటే ఇక్కడి ఆదివాసుల వల్లే చేపలు పోతున్నాయని అంటుంటారు. దయచేసి ఆ మాట అనకండి. 1854, 55 ఒప్పందాల్లో ఇక్కడి ఆదివాసీ జాతులు భూమిలో చాలాభాగం రాసిచ్చేసి, తాతలనాటి చోట్ల చేపలు పట్టుకునే హక్కు ఉంచుకున్నారు. ఆ హక్కు కోసం నిస్క్వాలీ జాతికి చెందిన బిల్లీ ఫ్రాంక్ జూనియర్ యాభైసార్లకి పైగా అరెస్టయ్యారు. 1974 ఫిబ్రవరి 12న జడ్జి బోల్ట్ ఇచ్చిన తీర్పుతో పట్టదగ్గ చేపల్లో సగం వాళ్ళ వాటా అని తేలింది. కొలంబియా మీద సెలైలో జలపాతం దగ్గర వేల ఏళ్ళుగా చెక్క మంచెల మీద నిలబడి చేపలు పట్టేవాళ్ళు. 1957 మార్చి 10న ద డాల్స్ డ్యామ్ తలుపులు మూస్తే కొన్ని గంటల్లో అదంతా మునిగిపోయింది. పోగొట్టుకున్నవాళ్ళు ఎవరో ఆలోచించండి.

మన వల్ల కూడా జరిగే నష్టం ఒకటి ఉంది. సియాటిల్ చుట్టుపక్కల వాగుల్లో కోహో సాల్మన్ శరత్కాలం మొదటి వానలకి, గుడ్లు పెట్టకముందే గిరగిరా తిరిగి చచ్చిపోయేవి. కారణం కోసం ఏళ్ళ తరబడి వెతికారు. 2020 చివర దొరికింది. కారు టైర్లలో వేసే ఒక రసాయనం ఓజోన్‌తో కలిసి 6పీపీడీ-క్వినోన్‌గా మారుతుంది, టైరు పొడితో పాటు వాననీళ్ళలో వాగులోకి దిగుతుంది. బెల్‌వ్యూ, రెడ్‌మండ్, ఇసాక్వా రోడ్ల మీద మన కార్లు ఎన్ని తిరుగుతాయో మీకు తెలుసు. రోడ్డు నీళ్ళని మట్టిలో ఇంకించి వదిలితే ఆ విషం చాలావరకు తగ్గుతుంది. మీ ఊరి కౌన్సిల్ సమావేశంలో అలాంటి ప్రతిపాదన వస్తే వెళ్ళి మద్దతు పలకండి. మన వాళ్ళు అక్కడ కనిపించాలి.

ఎల్వా నది గురించి చెప్పకుండా ఉండలేను. ఒలింపిక్ ద్వీపకల్పంలో ఆ నది మీద 1913లో ఒకటి, 1927లో ఒకటి డ్యాములు కట్టారు, చేపలకి దారి లేకుండా. వేసవి స్టీల్‌హెడ్ అక్కడ దాదాపు లేకుండా పోయింది. 2011 నుంచి 2014 మధ్య రెండు డ్యాముల్నీ తీసేశారు. కొన్నేళ్ళకి స్నార్కెల్ మాస్కులు పెట్టుకుని నీళ్ళలో ఈదుతూ లెక్కపెట్టేవాళ్ళకి పైభాగంలో వేసవి స్టీల్‌హెడ్ కనిపించాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు. డ్యాముల వెనక చిక్కుకుపోయిన ట్రౌట్‌లో, దాదాపు వందేళ్ళ పాటు, ఆ గుణం నిలిచే ఉంది. దారి తెరుచుకోగానే వాటి పిల్లలు సముద్రానికి వెళ్ళి స్టీల్‌హెడ్‌గా తిరిగొచ్చాయి. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా ఒళ్ళు పులకరిస్తుంది.

[ఒక మహిళ: అన్నయ్యా, ఇవన్నీ సరే, పిల్లలతో మొదలుపెట్టాలంటే ఎలా? పట్టింది వండుకోవచ్చా?]

తప్పకుండా వండుకోవచ్చమ్మా. పిల్లలతో అయితే స్టీల్‌హెడ్ వద్దు, రోజంతా ఒక్కటీ తగలక విసుగొస్తుంది. పింక్ సాల్మన్‌తో మొదలుపెట్టండి. ఇక్కడ అవి బేసి సంవత్సరాల్లోనే గుంపులుగా వస్తాయి, ఆగస్టు, సెప్టెంబరుల్లో. చిన్న గులాబీ రంగు జిగ్ చాలు. 15 ఏళ్ళు నిండినవాళ్ళకి లైసెన్స్ కావాలి, సాల్మన్, స్టీల్‌హెడ్ పట్టి ఉంచుకుంటే క్యాచ్ కార్డులో, అంటే పట్టిన చేపలు నమోదు చేసే కార్డులో, అక్కడికక్కడే రాయాలి. నోటికి కాకుండా ఒంటికి హుక్ తగిలితే వదిలేయాలి. గాలం వేయకముందు ఒకసారి సియాటిల్‌లోని బాలార్డ్ లాక్స్‌కి తీసుకెళ్ళండి, చేపల కోసం కట్టిన నిచ్చెన మెట్లెక్కే చేపల్ని అద్దంలోంచి చూడొచ్చు. సాకైకి జులై మంచి నెల. అక్టోబరులో ఇసాక్వా హేచరీ.

వండుకోవడానికి హేచరీ చేపనే ఉంచుకోండి. ఉంచుకోవడం మంచిది కూడా, పైకి వెళ్ళి అడవి చేపలతో కలవకుండా ఉంటుంది. పట్టిన వెంటనే తల మీద ఒక్క దెబ్బతో చంపి, మొప్పలు కోసి, నీళ్ళలో రక్తం పూర్తిగా పోనిచ్చి, కడుపు శుభ్రం చేసి ఐసులో పెట్టండి. సంచిలో వేసి ఎండలో మధ్యాహ్నం దాకా ఉంచితే ఎంత మంచి చేపైనా పాడవుతుంది. పింక్ మాంసం మెత్తన, అదే రోజు వేపుడు చేసేయాలి. స్టీల్‌హెడ్ పులుసుకి నిలుస్తుంది, కానీ కొవ్వు చేప కాబట్టి నూనె తగ్గించండి, ముక్కలు పులుసు బాగా మరిగాక చివర వేయండి, గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పండి. ప్యూజెట్ సౌండ్ చినూక్ అయితే వారానికి ఎంత తినొచ్చో రాష్ట్ర ఆరోగ్యశాఖ పట్టిక చూసి వండండి, ముఖ్యంగా గర్భిణులకీ చిన్నపిల్లలకీ పెట్టేటప్పుడు.